వస్త్రమునకు, దేహమునకు నడుమ

సొగసైన దుస్తులనగా దేహమును బిగియ హత్తుకొని, నడుమును చిక్కించి చూపునవియే యని ఐరోపాలో పలుతరములవారు నమ్మియుండగా, వస్త్రమునకు దేహమునకు నడుమ కొంత గాలి ఆడనిచ్చినచో స్త్రీకి అంతకుముందు లేని హుందాతనము సమకూరునని కత్తెరతో నిరూపించిన దర్జీ క్రిస్టోబాల్ బాలెన్సియాగా. దర్జీ యన్నది తక్కువ చేసి యన్నమాట గాదు. పారిస్ నగరమున దుస్తుల రూపమును కాగితముపై గీచి, కుట్టుపనిని ఇతరుల కప్పగించు ప్రసిద్ధులు అనేకులుండిరి. గుడ్డను తానే కత్తిరించి, కూర్చి, తన చేతితో కుట్టగలిగిన యజమాని ఆయన యొక్కడే యని, సులభముగా ఎవరిని మెచ్చని తోటి రూపకర్త కోకో షనెల్ సయితము ఒప్పుకొనినది.

ఆయన 1895లో స్పెయిన్ దేశపు ఉత్తరతీరమున, బాస్కుల సీమలోని గెటారియా యను జాలరిపల్లెలో జన్మించెను. సముద్రమును నమ్ముకొని బ్రతికిన తండ్రి చిన్ననాటనే గతింపగా, తల్లి కుట్టుపనితో సంసారమును ఈదుకొని వచ్చినది. సూది పట్టుట ఆయనకు ఆమెవద్దనే అలవడెను. వేసవి విడిదికై ఆ యూరికి వచ్చు కాసా టోర్రెస్ మార్కీసుగారి భార్య ధరించు దుస్తులకు ముగ్ధుడైన ఆ బాలునకు ఆమెయే తొలి పోషకురాలయ్యెను. 1917లో సాన్ సెబాస్టియన్ పట్టణమున దుకాణము తెరచి, రాజకుటుంబము వేసవి గడపు ఆ తీరమున పేరు గడించి, మాడ్రిడ్, బార్సిలోనా నగరములకు విస్తరించిన పిమ్మట, 1936లో అంతర్యుద్ధము చెలరేగుటచేత దేశము విడిచి, మరుసటి సంవత్సరము పారిస్ లోని జార్జ్ సాంక్ వీథిలో పదవ నంబరు భవనమున ఆయన తన సంస్థను నెలకొల్పెను.

ఆ సంస్థ పనితనమును గ్రహింపగోరువారు మొదట చేతులను, అనగా దుస్తుల చేతులను, చూడవలెను. రవికకు గాని కోటుకు గాని అన్నింటికంటె కష్టమైనది చేతులు తగిలించుట యని మన వీథిచివరి దర్జీ నడిగినను చెప్పును. మనిషి తీరికగా నిలుచున్నప్పుడు చేయి నిట్టనిలువుగా వ్రేలాడదు; కొంచెము ముందునకు వాలి, మోచేతివద్ద ఇంచుక వంగియుండును. ఆ వాలును గమనింపక తగిలించిన చేయి భుజమువద్ద ముడుతలు పడుటయే గాక, చేయి ఎత్తినంతనే కోటు నంతటిని పైకి లాగును. పైగా, చంకచుట్టు కొలతకంటె చేతిపైభాగపు వంపు కొలత కొంత ఎక్కువగా నుండవలెను; ఆ ఎక్కువను కుచ్చుగాని నొక్కుగాని కనబడకుండ చంకలో ఇముడ్చుటయే విద్య. సన్నని జారుకుట్టు వేసి, దారమును మెల్లగా లాగి, ఉన్నిగుడ్డను తడియావిరితోను ఇస్త్రీతోను కుదించి, కచ్చాకుట్టుతో నిలిపి, తొడిగించి చూచి, నచ్చకున్న విప్పివేసి మరల మొదలుపెట్టవలెను. ఈ విప్పుటలో బాలెన్సియాగాకు దయాదాక్షిణ్యములు లేవు. కుట్టు పూర్తియై ఇస్త్రీతో మెరయుచున్న కోటు చేతిని సయితము ఉన్నపళముగా ఊడదీసి తిరిగి కుట్టుట ఆయనకు పరిపాటి యని ఆయన నెఱిగినవారందరును చెప్పుకొనిరి.

చిక్కు నిట్లు విప్పుచునే, చిక్కే లేకుండ చేయు మార్గమును ఆయన వెదకెను. జపాను కిమొనో వలె భుజమును చేతిని ఒకే గుడ్డలో కత్తిరించి, చంకక్రింద చిన్న నాలుగుపలకల ముక్కను చేర్చినచో, చేయి పైకెత్తినను కోటు అంచు కదలదు. మరికొంత సాహసించి, 1961 ప్రాంతమున, చేతులతో సహా ఒకేయొక కుట్టుతో రూపొందిన కోటును ఆయన సృష్టించెను. అందలి వంపును గీచుటకు ఎంత గణితము కావలెనో కుట్టుపని తెలిసినవారు ఊహింపగలరు. తెలియనివారికి అది వట్టి సాదా కోటు.

1951లో వెలువడిన ఆయన సూటు ముందువైపు దేహమును తేలికగా అనుసరించుచు, వెనుకవైపు వదులుగా జారుచుండెను. కాలరును మెడకు అంటనీయక వెనుకకు జరిపి నిలుపుటచేత మెడ పొడవుగా అగుపడెను. చేతిని మణికట్టునకు పైననే ఆపివేయుటచేత మనిషి దేహమున మిక్కిలి నాజూకైన ఆ భాగమును, దానిపై గాజులును కనబడసాగెను. ఈ యేర్పాట్లలో ఒక్కటియు అలంకారము కోసము చేసినది కాదు. ఆయనవద్దకు వచ్చినవారిలో పలువురు యౌవనము దాటినవారు, కొంచెము పొట్ట గలవారు, వీపు వంగనారంభించినవారు. వారి దేహములను దిద్దుటకు బదులు, ఆ దేహములు నిశ్చింతగా మసలుటకు తగిన ఇల్లు ఆయన కట్టియిచ్చెను. ధరించిన స్త్రీ అందగత్తె కానక్కరలేదు, దుస్తులే ఆ పని చూచుకొనునను భావమును ఆయన వ్యక్తపరచినట్లు చెప్పుదురు. ఇది నాకు ఫ్యాషన్ ప్రపంచమునందు అరుదుగా అగుపడు మర్యాదగా తోచును. 1957లో నడుము గుర్తే లేని ఆయన గౌను వెలువడినప్పుడు పత్రికలు గోనెసంచి యని పరిహసించెను. పదేండ్లు తిరుగకముందే ప్రపంచపు వీథులన్నిటను నడుము లేని గౌనులే నడయాడసాగెను.

చీర కట్టువారికి ఈ గాలి సంగతి కొత్తగాదు. మగ్గముమీదినుండి దిగిన గుడ్డ కత్తెర చూడక, సూది నెఱుగక, కట్టుకొనువారి నడకను బట్టి మడతలు మార్చుకొనుట మన యిండ్లలో నిత్యము చూచునదే. బాలెన్సియాగాయు 1960లలో చీరకట్టును తలపించు సాయంకాలపు దుస్తులను రూపొందించెను. కాని అవి స్థిరముగా కుట్టిన రూపములు, కట్టుకొనువారు మార్చుకొనదగినవి గావు. గుడ్డను వీలయినంత తక్కువగా కోయవలెనన్న ఆయన తపన ఇంతకంటె అసలైన పోలిక యని నా యభిప్రాయము.

ఆ తపనకు తగిన గుడ్డ బజారున దొరకలేదు. 1958లో జ్యూరిక్ నగరపు అబ్రహాం సంస్థ ఆయన కొరకై గజార్ అను పట్టును నేయించెను. బాగుగ మెలివేసిన పోగులను రెండేసిగా జోడించి నేసిన ఆ పట్టు బరువు తక్కువ, బిరుసు ఎక్కువ. క్రింద ఊత లేకున్నను మలచిన ఆకారమున నిలిచియుండును. దానితోనే 1967లో ఆయన పెండ్లికూతురి గౌను నొకదానిని చేసెను. పూసలేదు, జరీలేదు, అల్లికలేదు. శంఖమువలె విచ్చుకొన్న తెల్లని పట్టు, దానికి జతగా శిరస్సును కప్పు అదే పట్టుముసుగు, వ్రేళ్ళమీద లెక్కింపదగిన కుట్లు, అంతే. స్పెయిన్ మఠములలోని సన్న్యాసుల అంగీలును, ఆ దేశపు చిత్రకారుడు జుర్బరాన్ చిత్రములలోని బరువైన తెల్లని మడతలును ఎఱిగినవారికి ఆ గౌను పుట్టిల్లు ఎక్కడో తెలియును.

అలంకారము ఆయన కిష్టము లేదని గాదు. 1946 నాటి ఆయన పొట్టి బొలేరో కోట్లపై ఎద్దులతో పోరాడు వీరుల అంగీలమీది కుట్టుపని దట్టముగా వెలసెను; లెసాజ్ వంటి పారిస్ అల్లిక సంస్థలు ఆయనకు పనిచేసెను. చట్రమునకు బిగించిన గుడ్డపై కొక్కెపు సూదితో గొలుసుకుట్టు వేయుచు పూసలు కూర్చు ఆ విద్యయు, నేడు మన పెండ్లి రవికలపై చేయు మగ్గం పనియు ఒకే కుదురునకు చెందినవి. పదునెనిమిదవ శతాబ్దమున తూర్పు దేశములనుండియే అది ఐరోపాకు ప్రాకినది. అక్కడ పూసలను తిరగవైపున, కంటికి కనబడకుండ ఎక్కించుదురు. ఇక్కడ మనవారు గుడ్డ ముఖమును చూచుచునే కుట్టుదురు.

ఆయన కాలమున ఈ సంస్థ నడవడియు దాని కుట్టువలెనే నిగూఢము. ప్రదర్శనశాలలో సంగీతము లేదు. దుస్తులు తొడిగి నడచు యువతులు నవ్వరాదు. యజమాని తెరవెనుకనుండి ముందునకు వచ్చి నమస్కరించు అలవాటు లేదు. 1956 నుండి, కొనుగోలుదారులకు చూపిన నెలరోజులకు గాని పత్రికలవారిని లోనికి రానిచ్చెడివారు గారు. తమ నమూనాలు అనుకరింపబడునను భయమే దానికి కారణము. పత్రికలవారు పడిన ఉడుకు చెప్పనలవి కాదు. మరియొక విచిత్రము: అత్యున్నత కుట్టుశిల్పమని ఫ్రాన్సున 1945 నుండి చట్టరక్షణ పొందిన బిరుదు గల కుట్టుసంస్థల సంఘమునందు ఈయన సభ్యుడు గాడు. ఆ శిల్పమునకు పరమోదాహరణముగా అందరు చూపువాడు ఆ సంఘమునకు వెలుపలివాడు.

గాలి ఆడనిచ్చెనని ఇంతగా చెప్పి, ఒక్కమాట దాచరాదు. 2017లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాల ఆయన దుస్తులను ఎక్స్‌రే చిత్రములు తీయించగా, తేలికగా తేలియాడునట్లున్న గౌనుల లోపల గట్టి పుల్లలును, అంచు మడతలలో దాచిన చిన్న బరువులును బయటపడెను. చూచువారికి కనబడు స్వేచ్ఛలో కొంత, లోపలి కట్టడముచేతనే నిలిచినదన్నమాట. ఆ కట్టడమును వెలుపలికి ఒక ముడుతయైనను చెప్పకుండ చేయుటకే కొనువారు అంత వెల యిచ్చిరి, పేరుచీటీకి గాదు.

1968లో, సిద్ధముగా కుట్టిన దుస్తుల కాలము వచ్చినదని గ్రహించి, ఆయన ముందుగా చెప్పకయే సంస్థను మూసివేసెను. ఆయనవద్ద పనినేర్చిన కురెజ్, ఉంగారో అప్పటికే తమ దుకాణములు తెరచియుండిరి. ఎయిర్ ఫ్రాన్స్ విమానముల యువతులకు ఉడుపులు రూపొందించినది ఆయన చివరి పెద్దపనులలో నొకటి. 1972 మార్చిలో ఆయన స్పెయిన్ లో కన్నుమూసెను. 2011 నుండి గెటారియాలో ఆయన పేర ఒక ప్రదర్శనశాల గలదు.

2021లో దెమ్నా అను రూపకర్త నాయకత్వమున జార్జ్ సాంక్ వీథిలోని అదే భవనమున చేతికుట్టు విభాగము తిరిగి తెరువబడినది. పాతపద్ధతిని పాటించి ఆ ప్రథమ ప్రదర్శనమును సంగీతము లేకయే నడిపించిరి. చిత్రములలో చూచినంతవరకు నాకు మెడనుండి వెనుకకు జరిగి నిలిచిన కాలర్లు నచ్చినవి. భుజములు మాత్రము మనిషిని మించి పెరిగినవి. వానిని చూచియుండినచో ఆ పెద్దాయన, ఖరీదు ఎంతో అడుగకయే, చేతులు ఊడదీయుటకు పూనుకొనియుండెడివాడు.