మడత లోపలి పనితనం

శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 7 చేతికొస్తే ఎవరైనా ముందు తెర వైపే చూస్తారు. నేను మాత్రం దాన్ని పూర్తిగా తెరిచి, కింది అంచు చూడమంటాను. ఛార్జర్ పెట్టే యూఎస్‌బీ-సీ రంధ్రం అక్కడ ఉంటుంది. దాని ఎత్తు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అది లోకమంతటికీ ఒకటే కొలత, ఏ కంపెనీ తన ఇష్టానికి కుదించుకోవడానికి లేదు. ఇక ఫోను మందమా, 4.2 మిల్లీమీటర్లు. రంధ్రం పోగా పైనా కిందా కలిపి మిగిలేది మిల్లీమీటరున్నర చిల్లర. లోహపు చట్రం, ఒక పక్క తెర, రెండో పక్క వెనక అద్దం అన్నీ ఆ చిల్లరలోనే సర్దుకోవాలి. ‘సన్నని ఫోను’ అన్న మాట ప్రకటనల్లో ఎప్పుడో అరిగిపోయింది. ఈ అంచు దగ్గర మాత్రం ఆ మాటకు కొలత కనిపిస్తుంది.

మూస్తే మందం 8.9 మిల్లీమీటర్లు. రెండు 4.2లు కలిస్తే 8.4. అంటే ఒక సగం మీద రెండో సగం పడుకున్నాక అదనంగా చేరేది అర మిల్లీమీటరు. 2019లో వచ్చిన మొదటి గెలాక్సీ ఫోల్డ్ మూసినప్పుడు ఒక పక్క 15.7, మడత ఉన్న పక్క 17.1 మిల్లీమీటర్లుండేది. రెండు సగాలూ పూర్తిగా కలిసేవి కావు, మధ్యలో సందు ఉండేది. బరువు 276 గ్రాములు. ఆ సందు పూడడానికి 2023లో ఫోల్డ్ 5 దాకా ఆగాల్సి వచ్చింది. 2024 నాటి ఫోల్డ్ 6 మందం 12.1 మిల్లీమీటర్లు, బరువు 239 గ్రాములు. 2025 జులైలో వచ్చిన ఫోల్డ్ 7 బరువు 215 గ్రాములే. అదే కంపెనీ అమ్మే, మడత లేని ఎస్25 అల్ట్రా 218 గ్రాములుంటుంది. ఒకటికి రెండు తెరలు, నడుమ ఒక మడతబందు ఉన్న ఫోను ఏ మడతా లేని ఫోనుకన్నా మూడు గ్రాములు తక్కువ తూగుతోంది. ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే పొర పొరగా లోపలికి వెళ్ళాలి.

లోపలి తెర ఎనిమిది అంగుళాలది. చూపుకు ఒకే పలక, నిజానికి అది పొరల పేర్పు. వేలికి తగిలే పైపొర ప్లాస్టిక్. దాని కింద అతి పల్చని గాజు. ఆ కింద వెలుగునిచ్చే ఓఎల్ఈడీ పొరలు. వీటిని గాజు మీద కాకుండా పాలీఇమైడ్ అనే వంగే ప్లాస్టిక్ మీద పేరుస్తారు. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది కాబట్టి వెనక నుంచి దీపం పెట్టే అమరిక అక్కర్లేదు. తెరలు మడత పడడానికి మొదటి వీలు అక్కడే దొరికింది. బయటి వెలుతురు తెర మీద మెరవకుండా ఆపే పోలరైజర్ అనే పొరను కూడా శాంసంగ్ 2021లో ఫోల్డ్ 3 నుంచే తీసేసి, ఆ పనిని రంగు వడపోతలకు అప్పగించింది. అన్నింటికీ అడుగున, ఇంత మెత్తటి పేర్పుకు వెన్నుదన్నుగా, టైటానియం రేకు ఉంటుంది. మడత పడే చోట లోహం వంగేందుకు వీలుగా ఇలాంటి రేకులో వరుసలు వరుసలుగా సన్నని చీలికలు పెడతారు.

గాజు వంగదని మన నమ్మకం. వంగనిది గాజు గుణం వల్ల కాదు, మందం వల్ల. ఏ పలకను వంచినా బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుపోతుంది. బయటి ముఖం ఎంత సాగుతుందో లెక్కగట్టడం కష్టం కాదు. పలక మందాన్ని వంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే సరి. మామూలు ఫోను మీదుండే అర మిల్లీమీటరు గాజును ఒకటిన్నర మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచామనుకుందాం. అది దాదాపు 17 శాతం సాగాలి. గాజు వల్ల అయ్యే పని కాదు, పగిలిపోతుంది. అదే గాజును 30 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో నూటికి మూడు వంతులకు పల్చన చేస్తే సాగవలసింది ఒక్క శాతం.

ఆ ఒక్క శాతం కూడా గాజుకు భారమే. నొక్కుడును తట్టుకున్నంతగా అది లాగుడును తట్టుకోదు. కంటికి ఆనని గీత ఒకటి ఉన్నా, లాగినప్పుడు చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకని గాజును వేడి పొటాషియం లవణపు ద్రవంలో నానబెడతారు. పై పొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటికన్నా పెద్దవైన పొటాషియం అయాన్లు ఆ చోట్లలో దూరుతాయి. చోటు చాలక ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అలా గాజు ఉపరితలం ఎప్పుడూ నొక్కుడులోనే ఉంటుంది. ఫోను మడిచినప్పుడు పుట్టే లాగుడు ముందుగా ఈ నిల్వ నొక్కుడును కరిగించాలి, ఆ తర్వాతే గాజుకు అసలు లాగుడు తగిలేది. ఇలాంటి గాజును శాంసంగ్ మొదట 2020లో జెడ్ ఫ్లిప్‌లో వాడింది. ఫోల్డ్ 7లో దాని మందాన్ని 50 శాతం పెంచామంటోంది. మందం పెరిగితే సాగుడూ అదే వంతున పెరుగుతుంది. ఫోను మొత్తం సన్నబడుతుంటే గాజును మాత్రం మందం చేయడం ఎదురీతే. వంపును కాస్త విశాలం చేస్తే తప్ప ఈ లెక్క కుదరదు. ఆ భారం మడతబందు మీద పడింది.

దాని దగ్గరికి పోయేముందు పొరల మధ్య ఉన్న జిగురును ఒకసారి తలుచుకోవాలి. పేరుకు ఏదో అంటించే సరుకు గానీ, తెర మడత పడుతున్నదంటే సగం పుణ్యం దానిదే. పొరలన్నీ గట్టిగా అతుక్కుని ఒకే మందపాటి పలకలా మారితే పైన వేసిన లెక్క ప్రకారం అన్నిటికన్నా బయట ఉన్న పొర చిరిగిపోవాలి. ఒక వారపత్రికను మధ్యకు వంచి అంచు చూడండి, పుటలు మెట్లు మెట్లుగా జరిగి ఉంటాయి. ఏ పుటా సాగలేదు, ఒకదాని మీద ఒకటి జారాయంతే. తెరలోని జిగురు చేసేదీ ఇదే. పొరలు విడిపోకుండా పట్టుకుంటూనే వాటిని వెంట్రుకవాసి అటూ ఇటూ జారనిస్తుంది. మరీ గట్టిగా ఉంటే పొరలు చీలతాయి, మరీ మెత్తగా ఉంటే తెరిచాక తిరిగి చోటికి రావు. ఇన్ని చేస్తూ అద్దమంత స్వచ్ఛంగా కూడా ఉండాలి.

ఇక పైపొర ప్లాస్టిక్ సంగతి. 2019 ఏప్రిల్‌లో మొదటి ఫోల్డ్‌ను పరీక్షించడానికి తీసుకున్న విలేకరుల్లో కొందరు, అది రవాణా కోసం అంటించిన కాగితంలాంటిది కాబోలనుకుని పీకేశారు. తెరలు పాడయ్యాయి. వేరే కొన్ని ఫోన్లలో మడత సందుల్లోంచి చెత్త దూరి తెరను లోపలి నుంచి పొడిచింది. విడుదల సెప్టెంబరుకు వాయిదా పడింది. ఫోల్డ్ 7లోనూ ఆ పొర ఉంది, అది తెరలో భాగం. కొత్త వస్తువు మీది ప్లాస్టిక్‌ను ఏళ్ళ తరబడి తీయని మన ఇళ్ళ అలవాటు ఈ ఒక్క చోట పనికొస్తుంది.

మడతబందు విషయానికి వద్దాం. ఈ ఫోను అందమంతా అక్కడుంది, కానీ అది కంటికి కనిపించదు. సమస్య ఏమిటంటే, తెర పొడవు మారకూడదు. తెర వెనక ఎక్కడో ఇరుసు పెట్టి రెండు సగాలను దాని చుట్టూ తిప్పితే, మూసినప్పుడొక పొడవు, తెరిచినప్పుడొక పొడవు కావలసి వస్తుంది. తెర అయితే చిరగాలి, లేదంటే ముడతపడాలి. రెండూ జరగకూడదంటే భ్రమణ కేంద్రం తెర ఉన్న తలంలోనే ఉండాలి. అక్కడ ఇరుసు పెట్టలేం, అక్కడున్నది తెరే కదా.

దీనికి పరిష్కారం చాపం ఆకారంలో చెక్కిన పట్టాలు. సగానికొకటి చొప్పున ఉన్న చిన్న లోహపు రెక్కలు ఈ వంపు పట్టాల్లో జారుతాయి. ఏ చాపానికైనా ఒక కేంద్రం ఉంటుంది. పట్టాలను వెనక ఉంచి, వాటి కేంద్రం మాత్రం తెర తలంలో పడేలా వంపును లెక్కిస్తారు. రెక్క పట్టాలో జారుతుంటే ఫోను సగం ఆ కేంద్రం చుట్టూ తిరుగుతుంది. అక్కడ వస్తువేమీ లేదు, ఉన్నది గణితం ఒక్కటే. ఫోల్డ్ 7లో ఇలాంటి పట్టాల సంఖ్యను పెంచి, ఒత్తిడిని ఎక్కువ చోట్లకు పంచారు.

రెండో ఉపాయం మూసినప్పుడు పని చేస్తుంది. రెండు సగాలు సందు లేకుండా కలవాలంటే తెరను కాగితంలా పదునుగా మడవాలి, గాజు దానికి ఒప్పుకోదు. కాబట్టి మూస్తున్నకొద్దీ మడత వెనకున్న పలకలు పక్కకు ఒరిగి చోటిస్తాయి. తెర ఆ ఖాళీలోకి దిగి నీటిబొట్టు ఆకారంలో చుట్టుకుంటుంది. అంచుల దగ్గర రెండు సగాలూ కలిసే ఉంటాయి, లోపల మాత్రం వంపు విశాలంగా ఉంటుంది. తెరిచినప్పుడు అవే పలకలు లేచి తెర కింద చదునుగా పరుచుకుంటాయి. గాజుకు 50 శాతం మందం పెంచే వెసులుబాటు ఇలాంటి చోటే దొరకాలి.

ఫోనును సగం తెరిచి వదిలితే అక్కడే నిలబడుతుంది కదా, అది కామ్‌లూ స్ప్రింగుల పని. ఎత్తుపల్లాలున్న రెండు ముఖాలను స్ప్రింగు ఒకదానికొకటి అదిమి పెడుతుంది. ఎత్తు మీద ఎత్తు ఉన్నంతసేపు ఒరిపిడి వల్ల ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. ఎత్తు పల్లంలోకి దిగే చోట తనంతట తానే టక్కున మూసుకుంటుంది, లేదా పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ చివరి టక్కుమనే పట్టులో తొట్రుపాటు లేదు. పాత ఫోల్డ్‌లు తెరవడానికి రెండు బొటనవేళ్ళూ గట్టిగా పట్టాల్సి వచ్చేది. దీన్ని కూడా ఒంటిచేత్తో తెరవలేం, అంచు మరీ సన్నం కావడంతో గోరు ఆనించడమే కాస్త కష్టం.

తెరిచాక మధ్యలో గాడి ఉందా అంటే ఉంది. దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది, వేలితో అడ్డంగా రాస్తే తెలుస్తుంది. మునుపటి వాటికన్నా బాగా లోతు తగ్గింది. చదువుతూ పది నిమిషాలు గడిచాక నాకైతే గుర్తుకు రాలేదు.

బ్యాటరీ ఒక్కటి కాదు, సగానికొకటి చొప్పున రెండు. వాటిని కలిపే తీగలు వంగే పలుచని పట్టీల రూపంలో మడతబందు లోంచి, కాస్త వదులు ఉంచి, అటు నుంచి ఇటు దాటుతాయి. మొత్తం సామర్థ్యం 4,400 ఎంఏహెచ్. ఫోల్డ్ 3 నుంచి ఇదే అంకె. ఇంత సన్నబడినా తగ్గించలేదని మెచ్చుకోవచ్చు, నాలుగేళ్ళుగా పెంచలేదని తప్పూ పట్టవచ్చు. నేను రెండో పక్షం. వివో ఎక్స్ ఫోల్డ్ 5 కేవలం 217 గ్రాముల్లో 6,000 ఎంఏహెచ్ పెట్టింది. బ్యాటరీలో సిలికాన్-కార్బన్ వాడటం వల్ల అక్కడ అది వీలైంది.

సన్నదనానికి ఇచ్చిన మూల్యాలు ఇంకా ఉన్నాయి. తెర కింద ఎస్ పెన్ను కదలికలను పట్టుకునే డిజిటైజర్ పొరను తీసేశారు, దాంతో పెన్ను పనిచేయదు. 200 మెగాపిక్సెళ్ళ కెమెరా 4.2 మిల్లీమీటర్లలో ఇమడదు కాబట్టి దిమ్మెలా పైకి పొడుచుకొచ్చింది. బల్ల మీద పెట్టి టైపు చేస్తే ఫోను ఊగుతుంది.

బయటి తెర 6.5 అంగుళాలు. ఫోల్డ్ 6 కన్నా వెడల్పు పెరిగింది. ఈ కొద్దిపాటి తేడా తెలుగు టైపు చేసేవారికి బాగా తెలుస్తుంది. అక్షరాల గళ్ళు వేలికి సరిపోతున్నాయి, ఒత్తు కోసం నొక్కితే పక్క గడి పడడం తగ్గింది. దినపత్రిక ఈ-పేపర్‌ను బయటి తెర మీద చదవడం అవస్థే. తెరిస్తే అదే పుట లోపలి తెర మీద పరుచుకుంటుంది, ఒక్కసారి పెద్దది చేస్తే రెండు కాలమ్‌లు ఒత్తులతో సహా స్పష్టంగా వస్తాయి.

దుమ్ము సంగతి చెప్పకపోతే అన్యాయం. దీని రక్షణ స్థాయి ఐపీ48. చివరి అంకె నీటికి సంబంధించినది, బాగానే ఉంది. మొదటి అంకె నాలుగు అంటే మిల్లీమీటరు కన్నా పెద్ద రేణువులను మాత్రమే ఆపుతుందని. విశాఖ బీచ్ ఇసుక అంతకన్నా సన్నం. గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్ పళ్ళచక్రాలు లేని మడతబందుతో దుమ్మును పూర్తిగా ఆపే ఐపీ68 సాధించింది, కానీ అది మూస్తే 10.8 మిల్లీమీటర్లు, బరువు 258 గ్రాములు. ఫోల్డ్ 7 తెర 5 లక్షల మడతలు తట్టుకుందని చెబుతున్న పరీక్ష కూడా 25 డిగ్రీల గదిలో చేసినది, ఇసుకలో కాదు.

మన దేశంలో విడుదల ధర 1,74,999 రూపాయలు. రోజూ గంటల తరబడి ఫోనులోనే చదివేవారు, రాసేవారు, అంత పెట్టగలిగితే నిశ్చింతగా తీసుకోవచ్చు. పెన్నుతో గీసే అలవాటున్నవారు ఫోల్డ్ 6 దగ్గరే ఆగడం మంచిది. దుమ్ములో, ఇసుకలో తిరిగే ఉద్యోగమైతే దీన్ని కొనకండి. కొన్నవారు పైపొరను పీకకండి, అది చెడితే సర్వీస్ సెంటర్‌లోనే మార్పించుకోండి.