మోరి శ్రుతికి కట్టే గేయనాటకం

కొద్దిమంది గాయకులతో, కొద్దిపాటి వాద్యాలతో, చిన్న మందిరంలో ఆడేందుకు రాసిన సంగీత నాటకాన్ని పాశ్చాత్య సంగీతంలో ఛాంబర్ ఒపెరా అంటారు. 1946లో గ్లైండ్‌బోర్న్‌లో తొలిసారి ఆడిన బెంజమిన్ బ్రిటెన్ రచన ‘ది రేప్ ఆఫ్ లుక్రేషియా’ 8 మంది గాయకులతో, 13 మంది వాద్యకారులతో నడిచి ఈ రూపానికి ఒక ప్రమాణంగా నిలిచింది. పాత సంగీతాన్ని ఆ కాలపు వాద్యాలమీదనే, పేగు తంత్రులతో, నేటికంటె తగ్గిన శ్రుతిలో వినిపించాలన్న ఉద్యమం అక్కడ మరొక పాయ కాగా, 1953లో నికొలాస్ హార్నన్‌కూర్ వియన్నాలో నెలకొల్పిన బృందం దానికి బలమిచ్చింది. ఈ రెండు పాయలు కలిసి, పాత వాద్యాలకు కొత్త గేయనాటకం రాయడమన్నది యూరప్‌లో వాద్యాలను మ్యూజియంల నమూనాల ఆధారంగా మళ్లీ చేయించుకున్న తర్వాతనే సాధ్యపడింది. ఒడిశాలోని కోరాపుట్, రాయగడ కొండల్లో ఆ పని అవసరం లేదు. అక్కడ మోరి, తుడుము, డప్పు అనే వాద్యాలు థింసా ఆటకు ఇప్పటికీ మోగుతున్నాయి.

నాటకమూ కొత్తది కాదు. కోరాపుట్ ప్రాంతపు దేశియా నాట్‌లో కొన్ని పాత్రలు మాస్కులు ధరించి, పురాణ కథను పాడుతూ ఆడతాయి. దక్షిణ ఒడిశా అంతటా ప్రసిద్ధమైన ప్రహ్లాద నాటకం జలంత్ర పాలకుడు రామకృష్ణ ఛోటరాయి పేరిట ప్రచారంలో ఉన్న 19వ శతాబ్దపు రచన. మెట్లుమెట్లుగా కట్టిన వేదికమీద హిరణ్యకశిపుడు ఆడుతుండగా, మర్దల అనే మద్దెల, సన్నాయికంటె పొట్టిదైన ముఖవీణ కథను మోస్తాయి. ఇదే కథను అంతకు ముందే తిరువయ్యారులో త్యాగరాజు ‘ప్రహ్లాద భక్తి విజయం’గా తెలుగులో రచించాడు. కోరాపుట్ ప్రాంతాన్ని ఏలిన జయపురం సంస్థానం 1936 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండడం, దాని ఆఖరి పాలకులలో ఒకడైన విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేయడం గుర్తుంచుకుంటే, రెండు భాషల పాట ఇక్కడ ఒకే పందిరి కింద వినిపించడంలో వింత లేదు.

అయినా ఈ వాద్యాలకు కొత్తగా రాయదలచినవాడు వాటిని రంగులుగా, అంటే అడవి దృశ్యం రాగానే కాసేపు వినిపించి మానేసే అలంకారంగా, వాడుకోవడం పరిపాటి. అది వాద్యానికి చేసే అన్యాయం కంటె నాటకానికి చేసే అన్యాయమే ఎక్కువ. మోరి జంట నాలుకల పీకతో పలికే ఊదుడు వాద్యం. దాని శ్రుతి గొట్టం పొడవుతో, రంధ్రాల దూరంతో నిర్ణయమైపోయి ఉంటుంది గనుక, గాయని గొంతుకు అనువుగా శ్రుతి మార్చమంటే మరో మోరి తేవాలి తప్ప మర తిప్పి సరిచేసే వీలు లేదు. కాబట్టి పాత్రల గొంతులను మోరిని బట్టి ఎంచుకోవాలి. నాయిక ఎవరన్నది తేలకముందే ఏ మోరి అన్నది తేలాలి. నేర్పున్న వాద్యకారుడు బుగ్గల్లో గాలి నిలిపి ముక్కుతో శ్వాస తీసుకుంటూ స్వరాన్ని తెగకుండా సాగదీయగలడు. గాయనికి ఆ వసతి లేదు. ఆమె ఊపిరి తీసుకునే ఖాళీలో మోరి ఆగకుండా సాగితే, ఆ ఖాళీయే నాటకంలో ఒక మాటవుతుంది. ఇక తుడుము చర్మం తేమకు వదులవుతుంది గనుక ఆటకు ముందు నిప్పు సెగ చూపి బిగిస్తారు. వానకాలంలో రెండు గంటల నాటకమంటే మధ్యలో మరోసారి సెగ తప్పదు. తెలివైన రచయిత ఆ విరామాన్ని కథలోనే పెట్టుకుంటాడు, ఉదాహరణకు దూత వచ్చేదాకా రాజు ఎదురుచూసే రంగంగా.

మందిరం సంగతి చిన్నది: మోరి ఆరుబయటి వాద్యం, నాలుగు గోడల మధ్య అది మిగతా అన్నిటినీ మింగేస్తుంది, ఇక్కడి గదబ తెగ గ్రామాల్లో పెద్దలు కూర్చునే సదర్ అనే రాతి వలయమే ఇలాంటి నాటకానికి తగిన కొలువు.

ఈ వాద్యకారులలో చాలామంది దొంబు కులస్థులు. ఊరి ఉత్సవమంతా తమ వాయింపుమీదనే నడిచినా ఊరి మర్యాదలో వెనకనే నిలబెట్టబడినవారు. వారి వాయింపు చెవినుంచి చెవికి వచ్చిన విద్య కావడం వల్ల, స్వరలిపి రాసి చేతికిచ్చే పద్ధతి ఇక్కడ పనిచేయదు. పాటను వారితో కూర్చుని, వారి పలుకుబడిలోనే కట్టాలి, అలా కట్టినప్పుడు స్వరకర్తల వరుసలో వారి పేర్లు ఉండడం న్యాయం. పారితోషికం ఇచ్చాం కదా అనేవారికి ఇది మింగుడుపడదు.

చివరికి మిగిలేది హార్మోనియం సమస్య. పారిస్‌లో అలెగ్జాండ్ర్ దబాఁ 1842లో పేటెంటు పొందిన ఈ వాద్యం ఇప్పుడు ప్రహ్లాద నాటకంలోనూ స్థిరపడింది. 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించినా పల్లె వేదిక పట్టించుకోలేదు. దాని స్వరస్థానాలు సమాన విభజనలో బిగిసి ఉంటాయి. మోరి స్వరాలు అలా ఉండవు. రెండూ ఒకే రంగంలో ఉంటే గాయని తప్పనిసరిగా హార్మోనియం వైపే ఒరుగుతుంది, మోరి అపస్వరం పలికినట్లు సభకు తోస్తుంది. కనుక మోరి ఉన్న రంగాలలో హార్మోనియాన్ని పక్కన పెట్టడం మేలు. ఆధార శ్రుతి నిలపడానికి, యక్షగానానికి పూర్వం తోడున్న తోలు తిత్తి చాలు, దాన్ని కూడా మోరి పక్కన కూర్చోబెట్టి దాని శ్రుతికే సరిచూడాలి.