ఖాళీ గడుల పనితనం

“అందరూ మాట్లాడండి” అని టీచరు అనగానే తరగతిలో అందరూ తల దించుకుంటారు. అదే “అర్థమైందా?” అని అడిగి చూడండి, “అర్థమైంది సార్” అని గది గదంతా ఒక్క గొంతుతో పలుకుతుంది. ఇందులో మొదటిది ప్రశ్న కాదు, రెండోదానికి జవాబు అక్కర్లేదు. పిల్లల చేత మాట్లాడించే నేర్పు టీచరు చనువులోనో హాస్యంలోనో ఉంటుందని మనం అనుకుంటాం. అవి ఉంటే మంచిదే. కానీ అసలు పని అంతకుముందే, ప్రశ్నను అమర్చే చోట జరుగుతుంది. దీనికి నాకు తెలిసిన మంచి రుజువు పదో తరగతి సాంఘికశాస్త్రంలోని ఒక పట్టిక.

2007లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ అర్థశాస్త్రం పుస్తకంలో అభివృద్ధి గురించిన మొదటి పాఠంలో ఆ పట్టిక ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2014 నాటికి తయారైన కొత్త సాంఘికశాస్త్ర పుస్తకం దాన్నే కొద్దిగా మార్చి, ‘అభివృద్ధి భావనలు’ అనే రెండో పాఠంలో పెట్టుకుంది. తెలంగాణ బడులకు అదే వారసత్వంగా వచ్చింది. హైదరాబాద్‌లోని సైనిక్‌పురిలో సీబీఎస్‌ఈ బడులూ ఉన్నాయి, రాష్ట్ర సిలబస్ బడులూ ఉన్నాయి. అంటే ఒకే వీధిలో రెండు రకాల యూనిఫాం వేసుకుని వెళ్లే పిల్లలు సాయంత్రం కలిసి క్రికెట్ ఆడుకుంటూ ఈ పట్టిక గురించి పోట్లాడుకోవచ్చు. పోట్లాడుకుంటున్నారో లేదో గానీ, ఆ అవకాశమైతే ఉంది.

పట్టికలో ఒకవైపు రకరకాల మనుషులు. ఎదురుగా ‘అభివృద్ధి అంటే వీళ్లు ఏం కోరుకుంటారు?’ అన్న గడులు. మొదటి వరుస భూమి లేని వ్యవసాయ కూలీలది. గడి నింపే ఉంటుంది: మరిన్ని పనిదినాలు, మెరుగైన కూలి, పిల్లలకు మంచి చదువు, వివక్ష లేని బతుకు. దాని కిందనే సంపన్న రైతులు. ఆ గడీ నింపే ఉంటుంది: పంటకు మంచి మద్దతు ధర, కష్టపడి పనిచేసే కూలీలు చవగ్గా దొరకడం, పిల్లలు విదేశాల్లో స్థిరపడటం. పైవాడికి కూలి పెరగాలి, కిందివాడికి తగ్గాలి. పుస్తకం ఆ రెండిటినీ పక్కపక్కనే పెట్టి, అక్కడ మాత్రం నోరు మెదపదు. వేలు పెట్టి చూపించకపోవడమే ఇక్కడి పనితనం. పై గడి మీది చూపు కింది గడి మీదికి దిగేసరికి ఎవరో ఒక పిల్ల “అదెలా కుదురుతుంది టీచర్?” అంటుంది. ఆ మాట టీచరు అంటే పాఠం అవుతుంది, పిల్ల అంటే చర్చ అవుతుంది.

తర్వాతి వరుసల్లో వానల మీదే ఆధారపడ్డ రైతు, భూమి ఉన్న ఇంటి గ్రామీణ మహిళ, పట్టణ నిరుద్యోగ యువత. గడులన్నీ ఖాళీ. ఆ పైన పట్టణ సంపన్న కుటుంబపు అబ్బాయి వస్తాడు. అతనిదీ ఖాళీయే. వెంటనే అదే వర్గపు అమ్మాయి. ఆమె గడి మాత్రం నింపి ఉంటుంది: అన్నదమ్ములకు ఉన్నంత స్వేచ్ఛ, తన జీవితాన్ని తనే నిర్ణయించుకోగలగడం, విదేశాల్లో చదువు. ఇది కాకతాళీయం అనుకోను. అబ్బాయి గడిలో పిల్లలు బైకు అని రాస్తారు, అమెరికా అని రాస్తారు, వ్యాపారం అని రాస్తారు. “అక్కకు ఉన్నంత స్వేచ్ఛ” అని మాత్రం ఒక్కరూ రాయరు. ఎందుకు రాయలేదన్నది ఇక ఎవరూ అడగనక్కర్లేదు, పక్క గడి అడుగుతుంది. ఆడ, మగ సమానత్వం మీద రెండు పేజీల ఉపన్యాసం కంటే ఈ ఒక్క అమరిక మీద నాకు గౌరవం ఎక్కువ.

చివర్లో ఎన్‌సీఈఆర్‌టీ నర్మదా లోయ ఆదివాసీని నిలబెట్టింది. రాష్ట్ర పుస్తకం గనుల ప్రాంతపు ఆదివాసీనీ, తీరప్రాంత మత్స్యకారుణ్నీ తెచ్చింది, కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం గొడవనూ పాఠంలోకి లాగింది. మంచి మార్పే.

ఖాళీ గడి చేసే మరో మేలు ఉంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతులను గమనించి ఒక సంగతి చెప్పింది. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే చాలు, జవాబులు పొడవెక్కుతాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లూ మాట్లాడతారు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో సిలబస్ తరుముతుంటే ఆ మూడు సెకన్లు ఆగడానికి మనసొప్పదు. కానీ గడి నింపాలంటే ముందు పెన్ను తీయాలి, ఆలోచించాలి, రాయాలి. ఓపిక లేని టీచరు కూడా ఆగక తప్పదు. చేతిలో రాసుకున్న మాట ఉంటే, చివరి బెంచీ పిల్లాడికీ లేచి చదవడానికి ధైర్యం వస్తుంది. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాలు చెప్పుకోగలగాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటుంది. ఆ భయం కొంతైనా తీరేది ఇలాంటి చోటే.

అదే ఎన్‌సీఈఆర్‌టీ పాఠంలో చెయ్యి జారిన చోటు కూడా చూపించాలి. రెండు దేశాలు, ఒక్కోదానిలో ఐదుగురు పౌరులు. మొదటి దేశంలో ఆదాయాలు 9,500, 10,500, 9,800, 10,000, 10,200. రెండో దేశంలో నలుగురికి 500 చొప్పున, ఐదోవాడికి 48,000. రెండింటి సగటూ 10,000. ఏ దేశంలో ఉంటారని ప్రశ్న. ఎంత చక్కటి లెక్క! సగటు అనే అంకె ఏం దాచిపెడుతుందో ఇంతకంటే తేలిగ్గా చూపించలేం. కానీ ఆ ప్రశ్న వేసిన ఊపిరిలోనే పుస్తకం జవాబు కూడా చెప్పేస్తుంది. ఆ ఐదోవాడు నేనే అని ఖాయమైతే రెండో దేశం బాగుంటుంది, చీటీ తీసి నిర్ణయిస్తే మొదటిదే మేలు అని. ఈ మాట తరగతిలో ఓ తుంటరి అనాల్సింది. పుస్తకం వాడి వంతు లాక్కుంది.

పుస్తకం వదిలిన ఖాళీలను గైడ్లు వదలవు. వానాధార రైతుకు సాగునీరు, యువతకు ఉద్యోగాలు, మత్స్యకారుడికి చేపలకు మంచి ధర అని అచ్చువేసి అమ్ముతాయి. పిల్లలు వాటినే గడుల్లోకి ఎక్కించి, మార్కులు తెచ్చుకుంటారు. తప్పు వాళ్లది కాదు. చర్చకు తెరిచిన తలుపును పరీక్ష మూసేస్తే, గైడు కొనుక్కోవడమే తెలివైన పని.

గైడు చేరని పట్టిక ఒకటి టీచరే తయారుచేసుకోవచ్చు. సైనిక్‌పురి దానికి అనువైన ఊరు. రిటైరైన సైనికుల కాలనీగా వెలిసిన చోటు ఇది. పక్కనే 1967లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, దాన్ని స్థాపించిన ఏ.ఎస్. రావు పేరిట నగర్. అందుకే ఒకే గదిలో మాజీ హవల్దారు మనవరాలు, ఇంజనీరు కొడుకు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూతురు పక్కపక్కన కూర్చునే వీలుంది. ఇక్కడి కాప్రా చెరువు గురించి అడగండి: చేపలు పట్టే అతను, పొద్దున నడకకు వచ్చే పెద్దాయన, గట్టు పక్కన ఫ్లాటు కొన్న కుటుంబం, పశువులు కాసే మనిషి. వీళ్లలో ఎవరికి ఏం కావాలి? రెండు గడులు నింపండి, అదీ ఒకదానితో ఒకటి పడనివి చూసి. మిగతావి ఖాళీగా వదిలేయండి. వరుసల చివర ఇంకో ఖాళీ వరుస పెట్టి, అక్కడ ఎవరు రావాలో పిల్లల్నే చెప్పమనండి. టీచర్లకు నా విన్నపం ఒక్కటే: ఆ గడులు మీరు నింపకండి.