కనిపెట్టుట: నూటముప్పదవ కీర్తనమందలి యొక క్రియాపదము

తెలుఁగు బైబిలు భాషయెడ మన పండితులకుఁ జిరకాలముగా నొక చిన్నచూపు గలదు. అది పాదిరీల తెలుఁగనియు, వ్యాకరణమునకు లొంగనిదనియుఁ ద్రోసిపుచ్చుటయే కాని, యందలి పదములను వాని సందర్భములందు నిలిపి పరీక్షించినవారు తక్కువ. ఆ దోషమునకు నేనును భాగస్వామినే. పదునైదేండ్ల క్రిందట నొక విద్యార్థి తన వ్యాసమున, తల్లి జబ్బుపడిన సంవత్సరమంతయుఁ దామింటిల్లిపాదియు దేవునికొఱకుఁ గనిపెట్టితిమని వ్రాసెను. నే నెఱ్ఱసిరాతో నా క్రియను గొట్టివేసి 'ఎదురుచూచితిమి' అని దిద్దితిని. దాఁగినదానిని దెలిసికొనుట గదా కనిపెట్టుట, దేవునికొఱకుఁ గనిపెట్టుట యేమని నా యాక్షేపము. ఆ బాలుఁడు మాఱు పలుకలేదు. ఇటీవల నూటముప్పదవ కీర్తనమును హీబ్రూ పదవివరణములతోఁ జేర్చి చదువుచుండఁగా నా దిద్దుబాటే తప్పని తోఁచినది. ఆ తప్పును సహేతుకముగా నొప్పుకొనుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగాఁ దెలుఁగు క్రియను విచారింతము. 'కను' ధాతువు క్త్వార్థకరూపమగు 'కని'తోఁ 'బెట్టు' చేరి యేర్పడిన యీ క్రియకు లోకమున రెండర్థములు ప్రసిద్ధములు. దొంగను గనిపెట్టుట యనఁగా నెఱుఁగుట. రోగిని గనిపెట్టుకొని యుండుట యనఁగాఁ గన్ను మఱల్పక కాచియుండుట. ఈ రెంటను గర్మ ద్వితీయాంతము. మొదటిదానఁ గర్మ కర్తకుఁ జిక్కినది. రెండవదానఁ గర్తయెదుట నున్నది. బైబిలు తెలుఁగున మూఁడవ ప్రయోగము గలదు. అందు ద్వితీయ తొలఁగి 'కొఱకు' అను చతుర్థీప్రత్యయము వచ్చును. విభక్తి మాఱఁగనే యర్థమును మాఱినది. ఎవరికొఱకుఁ గనిపెట్టుచున్నారో యతఁడు చిక్కినవాఁడు గాఁడు, ఎదుట నున్నవాఁడును గాఁడు. అయినను గన్ను కాపు విడువలేదు.

ఇది వ్యాకరణవిరుద్ధ మనరాదు. స్పృహధాతుప్రయోగమున నీప్సితమునకు సంప్రదానసంజ్ఞను బాణిని (1-4-36) విధించినాఁడు. పూవులను గోరువానియెడఁ బూవులు చతుర్థిని బొందును. కోరఁబడునది యింకను జేతికి రాలేదను భావ మా చతుర్థియందు ధ్వనించునని, వృత్తికారులు చెప్పకున్నను, నా తలఁపు. తెలుఁగు చతుర్థియందును నట్టి ధ్వనియే కలదు.

ఇఁక మూలము. ఈ కీర్తనము యాత్రాకీర్తనములని పేరుగల పదునైదింటిలో (120–134) నొకటి. ఎనిమిది వచనముల చిన్న రచన. అయిదవ వచనమున 'కివ్వా', 'హోహీల్' అను రెండు హీబ్రూ క్రియలు గలవు. తెలుఁగు బైబిలు మొదటిదానికిఁ గనిపెట్టుకొనుటను, రెండవదానికి నాశపెట్టుకొనుటను వాడినది. 'కివ్వా'కు సంబంధించిన నామము 'తిక్వా'. అది యనేకస్థలములందు ఆశ యను నర్థమిచ్చును. యెహోషువ గ్రంథము రెండవ యధ్యాయమున రాహాబు కిటికీకిఁ గట్టిన యెఱ్ఱని త్రాటికిని నదే పదము. ఆ ధాతువునకుఁ బేనుట, బిగించుట యను మూలార్థమును హీబ్రూ పండితులు పలువురు చెప్పుదురు. త్రాటి యొక కొనను బట్టుకొని, రెండవ కొన కనఁబడకున్నను బిగువు సడలనీయకుండుటయే యీ నిరీక్షణము. మన 'ఎదురుచూచు' క్రియయందుఁ జూపు గలదు, దారి గలదు, బిగువు తక్కువ. 'కనిపెట్టు'నందు రోగిశయ్యకడ మేల్కొన్నవాని బిగువు గలదు. హబక్కూకు గ్రంథము రెండవ యధ్యాయమునఁ, గావలిస్థలమున నిలిచిన ప్రవక్తతో దర్శన మాలస్యమైనను దానికై కాచియుండుమని దేవుఁడు చెప్పుచోటను దెలుఁగు బైబిలున నీ క్రియయే కలదు. అచటి హీబ్రూ క్రియ వేఱైనను గావలిపని యొక్కటియే గనుక నది తగియే యున్నది.

కీర్తనము ఆఱవ వచనమున నుపమానము కావలివారు. వా రుదయమునకై కాచుటకంటె నెక్కువగా భక్తుని ప్రాణము ప్రభువునకై కాచుచున్నదని తాత్పర్యము. మూలమున నీ వాక్యమునకుఁ గ్రియ లేదు, అది యధ్యాహార్యము. పైఁగాఁ గావలివారిని నుదయమును బేర్కొను పదములు వెంటనే మరల వచ్చును. దీనిని బునరుక్తిదోష మనరాదు. నిత్యార్థమునను వీప్సయందును ద్విర్వచనమును బాణిని (8-1-4) విధించెను. నిత్యమనఁగా నిచట మాటిమాటికి జరుగుట. ఆ సూత్రము హీబ్రూనకుఁ జెల్లదు గాని, యది చూపిన భాషాస్వభావ మిందును గానవచ్చుచున్నది. తెల్లవాఱలేదు గనుకఁ గావలివాఁడు మరలఁ దూర్పు చూచును. పదమును మరల వచ్చును. తెలుఁగు చేసినవా రధ్యాహారమును బూరించి కనిపెట్టుట యను క్రియను బ్రతిచోట నిలిపిరి. అర్థము స్పష్టమైనది, కాని ఊపిరి బిగఁబట్టి పలికినట్లున్న మూలపుమాట నిండువాక్యమై కొంత చల్లఁబడినది. గుణముతోపాటు దోషమును జెప్పుట విమర్శకధర్మము.

ఈ రచనలోఁ బురుషవ్యత్యయము మిక్కిలి గమనింపఁదగినది. మొదటి నాలుగు వచనములలో భక్తుఁడు దేవుని నీవని పిలుచును. అయిదాఱు వచనములలో దేవుఁడు ప్రథమపురుషకు జరుగును. భక్తుఁడు నేను, నా ప్రాణము అని తన్ను గూర్చియే చెప్పుకొనును. బదులు రాని వేళ సంబోధనము సన్నగిల్లుట సహజమే కదా. ఏడెనిమిది వచనములలో నాతఁ డిశ్రాయేలును సంబోధించి, నీవును నాశ విడువకుమని బోధించును. విమోచనక్రియ యచట భవిష్యదర్థకము. ఉదయము వచ్చెనని కీర్తన మెచటను జెప్పదు. కావ్యము ముగిసినను రాత్రి ముగియలేదు. ఒంటరిగాఁ గాచినవాఁడు తోడివారికి ధైర్యము చెప్పఁగలవాఁ డయ్యెను, ఇంతమాత్రమే జరిగినది. ఫలము కనఁబడని కాలమున విశ్వాసము నిలుచుట కా కవి చూపిన మార్గ మిదియే. ఎనుబదియెనిమిదవ కీర్తనమున నింతమాత్రపు టూఱటయు లేదు. మూలమునఁ జీఁకటి యను పదముతోనే యది ముగియును. అట్టి రచనను గూడ భక్తులు తమ ప్రార్థనాగ్రంథమునుండి తొలఁగింపలేదు.

ఈ క్రియ యర్థమునకుఁ దెలుఁగునేలపైఁ జారిత్రకోదాహరణములును గలవు. 1805లో విశాఖపట్టణము చేరి సువార్తలను దెలిఁగింపఁ బూనిన క్రాను 1809లోను, డెస్ గ్రాంజు 1810లోను గతించిరి. మూఁడు సువార్తలు సిరాంపూరున నచ్చయినది 1812లో. తమ పని ఫలమును వారు చూడలేదు. 1840లో నెల్లూరు చేరిన అమెరికను బాప్తిస్టు మిషనును, ఫలము స్వల్పమని, మూసివేయు ప్రస్తావన 1853లో వచ్చెను. 1854 జనవరి 1వ తేదీన జ్యూయెట్టు కొలఁదిమందితో నొంగోలు కొండ నెక్కి ప్రార్థించెను. 1878 జులై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ చరిత్రను జెప్పువారు తఱచుగా దొరల నిరీక్షణమునే కొనియాడుదురు. కాని 1876–78 నాఁటి ధాతకరవునఁ, బకింగుహాము కాలువపై కూలిపని యిప్పించిన క్లౌదొర, జనులు కూటికై మతమున జేరిరను నపవాదము రాకుండ, నెలలతరబడి బాప్తిస్మములను నిలిపివేసెను. ఆఁకటిలో నుండి, యడిగినను బొందక, కాచినవారు పెక్కుమంది మాదిగపల్లెల జనులు. 'కొఱకుఁ గనిపెట్టుట'కు వారికంటె దగిన కర్తలు లేరు. సంఖ్యను స్మరించువా రా కాపును గూడ స్మరింపవలయును.

నేఁటి చదువరికిఁ గనిపెట్టుట యనఁగాఁ గ్రొత్త యంత్రమును గల్పించుటయే స్ఫురించును గనుక నీ పదమును మార్చుట మేలని యాక్షేపింపవచ్చును. చతుర్థి తోడుండఁగా నట్టి భ్రాంతికిఁ దావు లేదు. ఎదురుచూచుట యపశబ్దమని నే ననను. యెషయా నలువదవ యధ్యాయము చివర, అదే హీబ్రూ ధాతువునకుఁ దెలుఁగు బైబిలు ఎదురుచూచుటనే వాడినది. అచట నలసినవారు మరల బలము పొంది సాగిపోవుదురని చెప్పఁబడుటచే దారి ప్రధానము. చూపు దారివెంటఁ బోవుట తగును. కీర్తనమున దారి లేదు, రాత్రియే కలదు. అచటఁ గాపు చెప్పు క్రియయే కావలయును. ఒకదానికి బదులుగా రెండవదానిని నిలుపుట సందర్భము నెఱుఁగమి.

ఆ విద్యార్థి తల్లి శయ్యకడఁ గూర్చుండి తల్లిని గనిపెట్టెను, దేవునికొఱకుఁ గనిపెట్టెను. ద్వితీయయుఁ జతుర్థియు నొక్క రాత్రిలోఁ గలిసిన క్రియ నతఁడు వ్రాసెను. ఆ తల్లి కోలుకొనెనో లేదో నే నాఁ డడుగలేదు. క్రియను మాత్రము దిద్దితిని. ఈ విచారమున నేమైనఁ బొరపాటున్న విద్వాంసులు చూపుదురు గాక. ఆ యెఱ్ఱగీఁతను మాత్రము నేఁడు వెనుకకుఁ దీసికొనుచున్నాను.