పాట బాకీ

పాటంటే గాలిలా ఊరికే వచ్చేదనుకునేదాన్ని, ఎర్నెస్ట్ బూర్జే సంగతి చదివేదాకా. 1847లో పారిస్‌లోని అంబాసడర్స్ కెఫేలో తాను తాగిన పంచదార నీళ్లకి ఆయన డబ్బివ్వనన్నాడు. తన పాట వాళ్లు ఊరికే వాయించుకుంటున్నారు మరి! కోర్టూ ఆయన పక్షమే వహించింది. రచయితల తరఫున రుసుము వసూలు చేయడానికి 1851లో సాసెం సంఘం వెలిసింది.

యూరప్‌లో ఇప్పుడిలాంటి సంఘాలెన్నో. వసూలైన సొమ్ముని, ఆ లెక్కల సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల్లోగా పంచాలని యూరోపియన్ యూనియన్ 2014లో ఆదేశించింది. బాగానే ఉంది. కానీ హక్కుదారు ఆచూకీ మూడేళ్లకీ తెలియకపోతే, ఆ సొమ్మునేం చెయ్యాలో సంఘం సభ్యులే తేల్చుకోవచ్చట! ముందుగా వెతకాలన్న నిబంధనా ఉందిలెండి. అయినా నాకిదే మింగుడుపడదు. పేరున్నవాళ్ల చిరునామా అందరికీ తెలుసు. దొరకనివాళ్లు అనామకులే కదా?

బూర్జే ఎదురుగా కూర్చుని అడిగాడు, గెలిచాడు. ఆ కెఫే దాకా రాలేనివాడి బాకీ ఎవరడుగుతారు?