కుంభజాతకము – మాగందియ సుత్తము

బౌద్ధవాఙ్మయమున మద్యనిరసన మనఁగానే ముందుగా స్ఫురించునది కుంభజాతకము. సురుఁడను వనచరుఁడు చెట్టుతొఱ్ఱలోఁ బులిసిన నీటిని గనుఁగొనుట, వరుణుఁడను తాపసునితోఁ గూడి త్రాగుట, వారి పేళ్లనుండియే సుర, వారుణి యను నామములు పుట్టుట, తుదకు శక్రుఁడు సురాకుంభమును జేఁబూని శ్రావస్తీపతియగు సర్వమిత్రుని యెదుట దాని దోషములను వర్ణించుట యందలి కథ. రాజు మద్యమును విడిచెను.

కథ రమ్యమే. అయినను బాళీకథలో సర్వమిత్రుఁ డింకను ద్రాగలేదు, త్రాగఁబోవుచున్నాఁడు. కావుననే దోషశ్రవణమాత్రమున మరలఁగలిగెను. ఆర్యశూరుఁడు సంస్కృత జాతకమాలలో నీ రాజును దుష్టసహవాసముచేఁ బానమునకు మొగ్గి యందు దోషము గాననివానిఁగాఁ జిత్రించి, శక్రుని వాగ్ధాటిని బెంచెను. కవిత్వము హెచ్చినది గాని చిక్కు వీడలేదు. వ్యసనమున మునిఁగినవాఁడు దోషము నెఱిఁగియే త్రాగును. జంబూద్వీపమున మద్యపానము క్రమముగా వ్యాపించెనని పాళీకథకుఁడే తుదిని జెప్పుచున్నాఁడు.

ఎఱిఁగియు నేల మానఁడు? ఈ ప్రశ్నకు సమాధానము మజ్ఝిమనికాయమున 75వదియగు మాగందియ సుత్తమునఁ గలదు. అందు బుద్ధుఁ డొక కుష్ఠరోగిని దృష్టాంతముగాఁ జూపెను. వాఁడు పుండ్లు గోఁకికొనుచు, నిప్పులగుంట యొద్ద మేను గాఁచుకొనుచు సుఖమందును. కాఁచినకొలఁది పుండ్లు చెడును. వైద్యుఁడు రోగమును మాన్పిన పిమ్మట వానినే నిప్పులకడ కీడ్చినచోఁ బెనఁగులాడును. నిప్పు మునుపును వేఁడియే. రోగమువలన నింద్రియములు చెడి దుఃఖమున సుఖభ్రాంతి కలిగెను. దీనికే విపరీతసంజ్ఞ యని పేరు.

సుత్తమున నుపమేయము కామము. అయినను నుపమానము సర్వవ్యసనములకుఁ జెల్లును. ఇందు రోగి నింద్యుఁడు గాఁడు, చికిత్స్యుఁడు. బుద్ధఘోషుఁడు విసుద్ధిమగ్గమున నార్యసత్యములను రోగము, రోగకారణము, ఆరోగ్యము, ఔషధము లతోఁ బోల్చుట యీ దృష్టికే పోషకము.

అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆలన్ మార్లాట్ మొదలగువారు రూపొందించిన చికిత్సయు నీ తెరువుననే నడచును: పుట్టిన కోర్కెను దీర్పకయు, దానితోఁ బోరకయు, కెరటమువలె లేచి పడుదానినిగాఁ జూడ నేర్పును. 2014లోఁ బ్రకటితమైన 286 మంది పరీక్షలో, ఏఁడాది పిమ్మట నీ పద్ధతి నేర్చినవారు ఇతర చికిత్సలు పొందినవారికంటెఁ దక్కువ దినములు మాదకముల సేవించిరని తేలెను.

బాలురకుఁ గుంభజాతకము చెప్పుట తగును. వ్యసనమునఁ జిక్కినవానికి దానినే చెప్పుట, కుష్ఠరోగితో నిప్పు వేఁడియని చెప్పుటయే యగును.