చెవితో చదువు పాఠకుడు: వాడుక పుస్తకముల తెలుగుపై ఒక పరిశీలనము

విమర్శ యనునది కావ్యమునకో, నాటకమునకో, చరిత్ర గ్రంథమునకో మాత్రమే చెల్లునని మనలో నొక అభిప్రాయము పాతుకొని యున్నది. యంత్రముతోపాటు వచ్చు వాడుక పుస్తకమునకు గుణదోష విచారణ యెవరును చేయరు. అయినను నేడు జనులు నిత్యజీవితమునకై ఎక్కువగా ఆధారపడునవి ఈ జాతి రచనలే. బ్యాంకు పని, విద్యార్థి దరఖాస్తు, ఉద్యోగ ప్రకటన, ఉత్తర ప్రత్యుత్తరములు అన్నియు కంప్యూటరు ద్వారా నడచుచున్న కాలమున, సాఫ్ట్‌వేరు నెట్లు వాడవలెనో చెప్పు పుస్తకము అందనివాడు ఆ పనులన్నిటికిని పరాధీనుడగును. తెలుగులో వ్రాయబడు అట్టి పుస్తకములను చూపులేని పాఠకుని పక్షమున నిలిచి పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఇందు గంజాము, బరంపురముల తెలుగువారిని ప్రత్యేకముగా తలచుటకు గల కారణము క్రమముగా తెలియగలదు.

అంధులు కంప్యూటరును వాడు విధానమును ముందుగా గ్రహింపవలెను. తెరమీది అక్షరములను కంఠధ్వనిగా మార్చి వినిపించు ప్రోగ్రామునకు స్క్రీన్ రీడర్ అని పేరు. అమెరికాలో టెడ్ హెంటర్ 1989లో వెలువరించిన ‘జాస్’ ఈ రంగమున ప్రసిద్ధమైనది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో ప్రారంభించి, జేమ్స్ టే సాహాయ్యముతో పెంపొందించిన ‘ఎన్‌విడిఎ’ ఉచితముగా లభించును. ఈ మువ్వురును చూపు లేనివారే. ఎన్‌విడిఎతోపాటు వచ్చు ‘ఈస్పీక్ ఎన్‌జి’ అను కంఠయంత్రము తెలుగును, ఒడియాను గూడ పలుకగలదు. వినువాడు మౌస్‌తో పని లేకుండ కీబోర్డుతోనే నడచును. వెబ్ పుటలో ‘హెచ్’ అక్షరము నొక్కినచో తరువాతి శీర్షిక వినబడును. కంట్రోల్ కీ నొక్కినచో కంఠము ఆగును. చూపుగలవాడు పుటనంతయు ఒక్కసారి కలయజూచి తనకు కావలసిన చోటును పట్టుకొనును. వినువానికి ఆ సౌకర్యము లేదు. అతనికి పుట యనునది ఒకదాని వెనుక నొకటిగా సాగు మాటల వరుస. శీర్షికలే అతనికి మజిలీలు.

స్క్రీన్ రీడరు అక్షరము యొక్క రూపమును చదువదు, దాని వెనుకనున్న సంకేతమును చదువును. మన ముద్రణ లోకమున పెద్ద చిక్కు ఇక్కడనే పుట్టినది. అను ఫాంట్ల వంటి పాత పద్ధతులలో రోమన్ అక్షరముల సంకేతములకే తెలుగు రూపములు తొడుగబడినవి. అట్లు కూర్చిన పుట కంటికి చక్కని తెలుగుగా కనబడును. స్క్రీన్ రీడరు నోట అర్థము లేని రోమన్ అక్షరములుగా వెలువడును. యూనికోడ్ తన మొదటి సంపుటమున, అనగా 1991లోనే, తెలుగునకు ప్రత్యేక స్థానము నిచ్చినది. అయినను నేటికిని పాత ఫాంట్లతో కూర్పు సాగుచునే యున్నది. పుటలను ఛాయాచిత్రములుగా మార్చి పంచుటయు నట్టిదే. బొమ్మలోని అక్షరము స్క్రీన్ రీడరునకు అక్షరము కాదు. మన సంఘముల ప్రత్యేక సంచికలు గూడ ఈ దోషమునకు వెలిగావని సవినయముగా మనవి చేయుచున్నాను.

ఇక రచనా దోషములను చూతము. మొదటిది కంటి భాష. ‘పై బొమ్మలో చూపిన విధముగా ఎర్రని గుర్తుపై నొక్కండి’ అను వాక్యమున చెవికి అందు సమాచార మేమియు లేదు. బొమ్మకు వివరణ లేదు. గుర్తునకు పేరు లేదు. ‘ఇక్కడ నొక్కండి’ అను లంకె మరియొక ఉదాహరణము. స్క్రీన్ రీడరు పుటలోని లంకెలన్నిటిని ఒక పట్టికగా చూపగలదు. ఆ పట్టికలో ‘ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ’ అని పదిమారులు వినినవాడు ఎక్కడికి పోవలెను? మెనూల వరుసను బాణపు గుర్తుతో సూచించుటయు నిట్టిదే. ఆ గుర్తును యంత్రము కొన్నియెడల ‘కంటె పెద్దది’ అని పలుకును, కొన్నియెడల మింగివేయును. శీర్షికను శీర్షికగా గుర్తింపక, అక్షరములను లావుచేసి యూరకుండుట వలన మజిలీలే మాయమగును.

రెండవ దోషము వాక్యరచనకు సంబంధించినది. ఇది సూక్ష్మమైనది గనుక కొంత వివరింపవలెను. ఆంగ్లమున క్రియ ముందు వచ్చును: నొక్కుము అని చెప్పి, దేనినో, ఎక్కడనో పిమ్మట చెప్పుదురు. చూపుగలవానికి దీనివలన బాధ లేదు. అతని కన్ను వాక్యాంతమునకు ముందుగనే పరుగెత్తును. వినువానికి చోటు ముందు తెలియవలెను, పని తరువాత తెలియవలెను. తెలుగు వాక్యము సహజముగా ఈ క్రమముననే నడచును. ‘ఫైల్ మెనూలో, సేవ్ అను చోట, ఎంటర్ నొక్కండి’ అనినప్పుడు స్థానము, వస్తువు, క్రియ వరుసగా వచ్చినవి. వినువాని వ్రేళ్లు వాక్యముతో పాటే కదలగలవు. మన భాషకు పుట్టుకతో వచ్చిన ఈ గుణమును అనువాదకులు చేజేతుల జారవిడుచుచున్నారు. ‘నొక్కండి ఎంటర్, మీరు ఫైలును భద్రపరచదలచినట్లయితే’ అను ధోరణి వాక్యములు ఆంగ్లపు నీడలు. ఇందు వినువాడు ముందు ఎంటర్ నొక్కును; ఎందులకు నొక్కెనో పిమ్మట వినును.

మూడవది పేరుల చిక్కు. తెరమీద ఆజ్ఞ ఆంగ్లమున నుండును. పుస్తకమున దానిని ‘అమరికలు’ అని అనువదింతురు. చూపుగలవాడు స్థానమును బట్టి ఊహించుకొనును. వినువాడు ‘అమరికలు’ అను మాటకై తెరనంతయు వెదకి, దొరకక విసుగుచెందును. తెలుగు పదమును వాడవలదని నా వాదము కాదు. తెర తెలుగులో నున్నచో తెలుగు పేరే చెప్పవలెను. తెర ఆంగ్లమున నున్నచో అచట వినబడు పేరునే ముందు చెప్పి, దాని యర్థమును తెలుగున వివరింపవలెను.

గుణము నెన్నవలసినచోట ఎన్నుట విమర్శకుని విధి. ఎన్‌విడిఎ యొక్క ఆంగ్ల వాడుక పుస్తకము ఈ విషయమున ఆదర్శప్రాయము. అందు ప్రతి ఆజ్ఞకును పేరు, నొక్కవలసిన కీ, జరుగు ఫలితము మాటలతో చెప్పబడినవి. శీర్షికలు క్రమబద్ధముగా నున్నవి. అయినను ఆజ్ఞలను నిలువు వరుసల పట్టికలుగా కూర్చుట వలన, పట్టికలో నడచుట ఇంకను నేర్వని నూతన పాఠకునకు కొంత శ్రమ కలుగును. అలవాటుపడినవానికి సులభమైనది అన్నివేళల ఆరంభకునకు సులభము కాదు.

ఇప్పుడు గంజాము మాట. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు బరంపురముతో గూడిన ఈ ప్రాంతము మద్రాసు నుండి విడివడినది. నాటినుండి ఇచటి తెలుగు బిడ్డలలో అనేకులు ఒడియాలోనో ఆంగ్లములోనో చదువుకొనిరి. ఇంట తెలుగు చక్కగా మాటలాడి, విని, తెలుగు లిపిని చదువలేనివారు బరంపురపు వీధులలో కొల్లలు. కన్నులున్నను వీరు తెలుగును చెవితోనే ఎరుగుదురు. కావున చక్కగా వినిపింపదగిన తెలుగు పుస్తకము అంధునకు దారి చూపుటయేగాక, లిపి నెరుగని వీరికిని తలుపు తెరచును. వినువారు కొలదిమంది, వారికై ఇంత శ్రమ యేల యని యడుగువారికి గంజాములో నిదియే సమాధానము.

ఇంకొక విశేషము కలదు. 1951లో రూపొందిన భారతి బ్రెయిలిలో భారతీయ భాషల కన్నిటికి, చాలవరకు, ఒకే ధ్వనికి ఒకే చుక్కల గుర్తు నియమింపబడినది. తెలుగు ‘క’కును ఒడియా ‘క’కును కంటికి పోలిక లేదు, వ్రేలికి రెండును ఒకటే. బరంపురమున రెడ్ క్రాస్ అంధుల పాఠశాల కలదు. ఒడియా బ్రెయిలి నేర్చిన తెలుగింటి బిడ్డకు తెలుగక్షరములు ఇంచుమించుగా వచ్చినట్లే. లిపి మూలమున చూపుగలవారికి ఏర్పడిన గోడ అతనికి లేదు. యూనికోడులో నున్న పాఠమును బ్రెయిలి పరికరముపై చుక్కలుగా మార్చుకొనవచ్చును. మనము పాత ఫాంట్లలో కూర్చిన నాడు, లేని గోడను అతని యెదుట కొత్తగా కట్టినవార మగుచున్నాము.

గంజాము పాఠము తరచుగా మూడు భాషల కలయిక. తెలుగు వాక్యముల నడుమ ఒడియా కార్యాలయపు పేరు, ఆంగ్లపు ఆజ్ఞ వచ్చును. ఏ భాగము ఏ భాషయో పుటలో గుర్తు పెట్టినచో, తదనుగుణముగా అమర్చుకొన్న కంఠము భాషను మార్చుకొనును. గుర్తు లేనిచో ఒక భాషను మరియొక భాష గొంతుతో చదువును, లేదా విడిచిపెట్టును. ఈ గుర్తు పెట్టుట నిమిషముల పని.

అవిభక్త గంజాములోని పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు ఇచట స్మరణీయులు. లిపి లేని సవర భాషను జనుల నోట విని నేర్చి, 1931లో దానికొక బోధిని వెలువరించిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన ఆయన వినికిడి దెబ్బతినినది. చెవి పోయినను, పలుకుబడియే భాషకు ప్రమాణమను మాటను వారు విడువలేదు. ఆ ప్రమాణము నేడు వాడుక పుస్తకములకు అక్షరాల వర్తించును.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము శ్రవణ, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమములలోని సమాచారము అందరికిని అందుబాటులో నుండవలెనని విధించినది. మర్రకేష్ ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందుగా ధ్రువీకరించినది భారతదేశమే. చట్టము తలుపు తీయగలదు గాని వాక్యమును వ్రాయలేదు. వ్రాయువారు మనము. తెలుగు వాడుక పుస్తకమును వెలువరించువారు దానిని ముందుగా తెర యార్పి ఒకమారు వినవలెను. పిమ్మట చూపులేని పాఠకుని పిలిచి, తగిన పారితోషికమిచ్చి, పుస్తకము చెప్పిన పనిని అతనిచేత చేయించి చూడవలెను. అతడు ఆగిన ప్రతిచోటను దిద్దవలసినది పుస్తకమే. గంజాము నందలి మన సంఘములు తమ తదుపరి సంచికను యూనికోడులో కూర్చి, శీర్షికలు గుర్తించి, ఆ అంధ పాఠశాలకు ఒక ప్రతి పంపగలిగినచో ఈ కార్యమునకు శుభారంభ మగును.